ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూలో) నర్సుగా మొదటి డ్యూటీకి ముందు

గాజులు, ఉంగరం, వాచీ లాకర్‌లోనే వదిలేయండి. మోచేతుల దాకా సబ్బుతో కడగండి. ఆ తర్వాత ఏ బిడ్డను ముట్టుకున్నా ముందూ తర్వాతా హ్యాండ్‌రబ్ (చేతులకు రాసుకునే శానిటైజర్). చేతులు పగులుతాయి, ఇంటికెళ్లాక కొబ్బరినూనె రాసుకోండి.

హ్యాండోవర్ (డ్యూటీ దిగే నర్సు ఇచ్చే అప్పగింత) వార్మర్ (బిడ్డను వెచ్చగా ఉంచే పడక) పక్కనే నిలబడి తీసుకోండి. కాలి ట్యాగు చదవండి. ‘బేబీ ఆఫ్ లక్ష్మి’లు ఒకే వార్డులో ఇద్దరుండొచ్చు!

అన్నిటికన్నా భయపడాల్సింది మందు డోసుకే. అంతా బరువు లెక్క. దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే డోసు 10 రెట్లవుతుంది. నేటి బరువు చూసి, లెక్క కాగితం మీద వేసి, రెండో నర్సుతో విడిగా వేయించండి. “సిస్టర్, ఒకసారి చూడరా” అనడానికి మొహమాటం వద్దు.

ఆక్సిజన్ మీదున్న నెలలు నిండని బిడ్డకు శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 100 కనిపిస్తే సంబరపడకండి. సాధారణంగా 90–95 మధ్యే ఉంచుతారు; ఎక్కువైతే కంటి రెటీనాకు ముప్పు. అలారం లిమిట్లు చూసుకోండి. మోగితే ముందు బిడ్డను చూడండి, తర్వాతే మానిటర్.

ఒంటి వేడి 36.5–37.5 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. స్కిన్ ప్రోబ్ (ఒంటికి అంటించే, వేడి కొలిచే తీగ) ఊడిందా? బిడ్డ చల్లబడిందనుకుని వార్మర్ వేడి పెంచేస్తుంది.

తల్లిపాల సీసా మీద పేరు, తేదీ చదవకుండా ట్యూబులో పోయొద్దు.

తినేసి వెళ్లండి.