ఆల్ట్+ట్యాబ్ మాట వినడం లేదా? లైనక్స్‌లో విండోలు, ట్యాబ్‌లు మార్చే షార్ట్‌కట్‌లు: సమస్య - పరిష్కారం

షార్ట్‌కట్ పనిచేయకపోతే కీబోర్డ్ పాడైందని కంగారు పడకండి. మనం నొక్కిన కీ నేరుగా బ్రౌజర్‌కు చేరదు. ముందు కీబోర్డ్ లేఅవుట్ (ఏ కీకి ఏ అక్షరమో చెప్పే అమరిక) దాన్ని చూస్తుంది, తర్వాత డెస్క్‌టాప్ చూస్తుంది. ఆ రెండూ వదిలేస్తేనే అప్లికేషన్‌కు అందుతుంది. దారిలో ఎవరు పట్టేసుకున్నారో తెలిస్తే సగం పని అయినట్టే. నేను వాడేది ఫెడోరా అనే లైనక్స్, అందులో గ్నోమ్ అనే డెస్క్‌టాప్. కింది సెట్టింగ్‌లు దానివే.

సమస్య: ఫైర్‌ఫాక్స్ విండోలు మూడు తెరిస్తే ఆల్ట్+ట్యాబ్‌లో ఒక్కటే కనిపిస్తోంది

గ్నోమ్‌లో ఆల్ట్+ట్యాబ్ మార్చేది అప్లికేషన్‌లను, విండోలను కాదు. మూడు విండోలూ ఒకే బొమ్మ కింద ఉంటాయి. వాటి మధ్య తిరగాలంటే ఆల్ట్ పట్టుకుని, ట్యాబ్ కీకి సరిగ్గా పైనున్న కీ నొక్కాలి.

ప్రతి విండో విడిగా కావాలంటే సెట్టింగ్స్‌లో కీబోర్డ్, అందులో 'వ్యూ అండ్ కస్టమైజ్ షార్ట్‌కట్స్', తర్వాత నావిగేషన్‌కు వెళ్లండి. 'స్విచ్ విండోస్' మీద నొక్కి ఆల్ట్+ట్యాబ్ కొట్టండి. ఇది వేరేచోట వాడుకలో ఉందని హెచ్చరిస్తుంది, 'రీప్లేస్' అనండి. నాకైతే ఇదే సుఖం. అయితే వేరే వర్క్‌స్పేస్‌లో (విండోలు విడిగా పెట్టుకునే మరో తెరలో) ఉన్న విండోలు ఈ వరుసలోకి రావు. అక్కడికి సూపర్+పేజ్‌అప్, సూపర్+పేజ్‌డౌన్‌తో వెళ్లాలి (సూపర్ అంటే విండోస్ గుర్తున్న కీ).

సమస్య: ఆల్ట్+షిఫ్ట్+ట్యాబ్‌తో వెనక్కి వెళ్దామంటే భాష మారిపోతోంది

తెలుగు, ఇంగ్లీషు రెండూ టైప్ చేసేవాళ్లందరికీ ఇది తెలియాలి. నేను చాలా రోజులు దీనితో అవస్థ పడ్డాను. విండో మారదు సరికదా, తర్వాత ఇంగ్లీషులో హెచ్, ఐ కొడితే తెర మీద 'పగ' అని పడేది. తెలుగు లేఅవుట్ అయిన ఇన్‌స్క్రిప్ట్‌లో ఆ రెండు కీలూ ప, గ కదా! లేఅవుట్ మారిందని అప్పుడు గానీ అర్థం కాలేదు.

కారణం ఇదీ: భాష మార్చడానికి ఆల్ట్+షిఫ్ట్ పెట్టుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ రెండూ కలిసి నొక్కగానే లేఅవుట్ తన పని కానిచ్చేస్తుంది. మీ వేలు ట్యాబ్ కీ మీదకు వెళ్లేలోపే ఆట ముగుస్తుంది.

గ్నోమ్ ట్వీక్స్ అనే అప్లికేషన్ తెరిచి, కీబోర్డ్ విభాగంలోని 'అడిషనల్ లేఅవుట్ ఆప్షన్స్'లో 'స్విచింగ్ టు అనదర్ లేఅవుట్' కింద ఆల్ట్+షిఫ్ట్‌కు ఉన్న టిక్ తీసేయండి. భాష మార్చడానికి గ్నోమ్ ఇచ్చిన సూపర్+స్పేస్ ఉండనే ఉంది. రెండు మూడు రోజులు వేళ్లు పాత చోటికే పోతాయి, తర్వాత అలవాటైపోతుంది. భాషకు ఆల్ట్+షిఫ్టే కావాలంటే, విండోల్లో వెనక్కి వెళ్లడానికి మరో దారి: ఆల్ట్+ట్యాబ్ కొట్టి, ఆల్ట్ వదలకుండా ఎడమ బాణం నొక్కండి.

సమస్య: కంట్రోల్+ట్యాబ్ కొడితే పక్క ట్యాబ్‌కు కాకుండా ఎక్కడికో దూకుతోంది

ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో జనరల్ పేజీ, ట్యాబ్స్ విభాగం చూడండి. ఈమధ్య వాడిన క్రమంలో తిప్పమనే ఆప్షన్‌కు టిక్ ఉంటుంది, తీసేయండి. ఆ క్రమం ఇష్టమైతే అలాగే ఉంచి, వరుసగా వెళ్లాలన్నప్పుడు కంట్రోల్+పేజ్‌డౌన్ వాడండి. ల్యాప్‌టాప్‌లో ఆ కీ విడిగా లేకపోతే చాలావాటిలో ఎఫ్ఎన్, కింది బాణం కలిపి నొక్కాలి. నేరుగా మూడో ట్యాబ్‌కు ఆల్ట్+3. విండోస్ నుంచి వచ్చినవాళ్లు అలవాటుగా కంట్రోల్+3 కొడతారు. లైనక్స్ ఫైర్‌ఫాక్స్‌లో అది కాదు.

సమస్య: టెర్మినల్‌లో ఇవేవీ పనిచేయడం లేదు

కంట్రోల్‌తో కలిపిన అక్షరాలు అక్కడ షెల్ (మన కమాండ్‌లు అందుకునే ప్రోగ్రామ్) సొత్తు. కంట్రోల్+డబ్ల్యూ కొడితే ట్యాబ్ మూసుకోదు, రాస్తున్న కమాండ్‌లో చివరి మాట చెరిగిపోతుంది. షిఫ్ట్ కూడా కలపండి: కొత్త ట్యాబ్‌కు కంట్రోల్+షిఫ్ట్+టి, మూయడానికి కంట్రోల్+షిఫ్ట్+డబ్ల్యూ. గ్నోమ్ టెర్మినల్‌లో ట్యాబ్‌లు మారడానికి కంట్రోల్+పేజ్‌అప్, పేజ్‌డౌన్. కేడీఈ డెస్క్‌టాప్ టెర్మినల్ అయిన కాన్సోల్‌లో షిఫ్ట్+ఎడమ, కుడి బాణాలు.

సమస్య: విండో మార్చబోతే తెర నల్లబడి లాగిన్ అడుగుతోంది

వేలు జారి కంట్రోల్+ఆల్ట్+ఎఫ్3 లాంటిది పడింది. అది అక్షరాలు మాత్రమే కనిపించే వేరే కన్సోల్ (మరో లాగిన్ తెర), అంతే. కంట్రోల్+ఆల్ట్+ఎఫ్2 కొట్టండి, రాకపోతే ఎఫ్1. పవర్ బటన్ మాత్రం నొక్కవద్దు. సేవ్ చేయని ఫైల్‌తో సహా మీ విండోలన్నీ అటువైపు తెరిచే ఉన్నాయి.