కాలేజీ అక్రెడిటేషన్‌కు వాలంటీర్‌గా వెళ్లడం ఎలా?

అమెరికాలో ఒక ఇంజినీరింగ్ కోర్సు సరిగ్గా నడుస్తోందా లేదా అన్నది తేల్చేది ప్రభుత్వ అధికారులు కాదు. అదే రంగంలో ఉద్యోగం చేసేవాళ్లు, పాఠాలు చెప్పేవాళ్లు సొంత సమయం వెచ్చించి కాలేజీకి వెళ్లి చూసి వస్తారు. అక్రెడిటేషన్, అంటే కోర్సుకు నాణ్యత గుర్తింపు ఇచ్చే ఈ పనిని నడిపించే సంస్థ అబెట్. 1932లో వేరే పేరుతో మొదలైంది, ఇప్పుడు బాల్టిమోర్ కేంద్రంగా పనిచేస్తోంది. దాని తరఫున వెళ్లే వాలంటీర్‌ను ప్రోగ్రామ్ ఇవాల్యుయేటర్ అంటారు.

ఇది ప్రొఫెసర్లకే పరిమితమైన పని కాదు. ఎమ్మెస్‌కు వచ్చి, ఏళ్ల తరబడి పరిశ్రమలో పనిచేస్తున్న తెలుగువాళ్లు అమెరికాలో ఎంతమందో ఉన్నారు. కొత్తగా డిగ్రీ చేతపట్టుకుని వచ్చినవాళ్లకు ఏం వచ్చో, ఏం రాదో రోజూ పక్కనే ఉండి చూసేది వాళ్లే. ఆ అనుభవం కాలేజీ పరిశీలనలో చాలా అవసరం. అందుకే మనవాళ్లు ఇటువైపు రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

మొదట మీ సొసైటీ ఏదో చూసుకోండి

అబెట్ ఇవాల్యుయేటర్లను దాని సభ్య సొసైటీలు, అంటే ఒక్కో రంగానికి ఉన్న వృత్తి సంఘాలు ఎంపిక చేస్తాయి. సివిల్ అయితే ఏఎస్‌సీఈ, మెకానికల్ అయితే ఏఎస్‌ఎంఈ, ఎలక్ట్రికల్ అయితే ఐట్రిపుల్‌ఈ. కంప్యూటర్ సైన్స్ వంటి కంప్యూటింగ్ కోర్సులను సీఎస్‌ఏబీ చూసుకుంటుంది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్నవాళ్లు ఇంజినీరింగ్, కంప్యూటింగ్ రెండింటిలో ఏది తమకు సరిపోతుందో ముందే తేల్చుకోవాలి. సభ్యత్వం, చదువు, అనుభవం విషయంలో ఒక్కో సొసైటీ నియమాలు ఒక్కోలా ఉంటాయి. అవి చదివాక అబెట్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టండి.

దరఖాస్తులో మీరు సాధించినవన్నీ గుదిగుచ్చనక్కర్లేదు. కొత్త ఇంజినీర్లకు శిక్షణ ఇచ్చారా, ఇంటర్న్‌లను చూసుకున్నారా, కాలేజీ సలహా మండలిలో కూర్చున్నారా, ఇవి రాయండి. మీ రంగంలో తాజాగా ఉన్నారా, మాట తీరు బాగుంటుందా, జట్టులో కలిసి పనిచేయగలరా అని చూస్తారు.

జీతం, పారితోషికం ఉండవు. కాలేజీకి వెళ్లినప్పుడు ప్రయాణం, హోటల్, భోజనం ఖర్చులు ఇస్తారు.

శిక్షణను తేలిగ్గా తీసుకోవద్దు

ముందు ఆన్‌లైన్ పాఠాలుంటాయి, మెంటర్ ఉంటారు. తర్వాత ఒక ఊహాజనిత కాలేజీని పరిశీలిస్తున్నట్టు సాధన చేయించే వర్క్‌షాప్ ఉంటుంది. అసలు నేర్చుకోవాల్సింది ఒక్కటే: మీకు నచ్చిందా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, అబెట్ రాసిపెట్టిన ప్రమాణం ఏం చెబుతోందన్నదే లెక్క. మీరు చదివిన కాలేజీలో ఇంతకంటే పెద్ద ల్యాబ్ ఉండి ఉండవచ్చు, దానితో ఈ కోర్సుకు సంబంధం లేదు.

కాలేజీ కేటాయించగానే ముందు చేయాల్సిన పని, దానితో మీకేమైనా సంబంధం ఉందేమో చూసుకోవడం. అక్కడ చదివినా, పనిచేసినా, ఉద్యోగానికి ప్రయత్నించినా, పిల్లలు చదువుతున్నా వెంటనే చెప్పేయండి.

వెళ్లేముందే సగం పని

కాలేజీ తన గురించి తాను రాసుకున్న సెల్ఫ్ స్టడీ రిపోర్ట్ మీకు వస్తుంది. సాధారణంగా సెప్టెంబర్, డిసెంబర్ నెలల మధ్య పరిశీలనకు వెళతారు కాబట్టి వేసవిలోనే చదవడం మొదలుపెట్టండి. రిపోర్ట్‌తో పాటు ఇటీవల పట్టా పొందిన కొందరి ట్రాన్‌స్క్రిప్టులు అడిగి తీసుకోండి.

నాకు అన్నిటికంటే నమ్మకమైన ఆధారం ఈ ట్రాన్‌స్క్రిప్టే. ఒక పక్కన కాలేజీ కోర్సుల నియమాలుండే కేటలాగ్, ఇంకో పక్కన ట్రాన్‌స్క్రిప్టు పెట్టుకుని వరుసగా టిక్ పెట్టుకుంటూ రండి. డైనమిక్స్ పాసైతేనే మెషిన్ డిజైన్ తీసుకోవాలని కేటలాగ్‌లో ఉందనుకుందాం. ఈ విద్యార్థి రెండూ ఒకే సెమిస్టర్‌లో చేశాడు. ఎవరు ఒప్పుకున్నారు? ఆ అనుమతి ఎక్కడైనా నమోదైందా? ఒక్కరికి అలా జరిగి, కారణం రాసి ఉంటే పర్వాలేదు. చాలామందికి కారణం లేకుండా జరిగితే, కాలేజీ తన నియమాలను తానే పాటించడం లేదన్నమాట. ఇంజినీరింగ్ డిగ్రీకి గణితం, బేసిక్ సైన్స్ కలిపి కనీసం 30 సెమిస్టర్ క్రెడిట్లు, ఇంజినీరింగ్ సబ్జెక్టులు 45 క్రెడిట్లు ఉండాలి. ఆ కూడిక కూడా ఇక్కడే చూసుకోండి.

కాలేజీలో ఉండే మూడు రోజులు

మామూలుగా ఆదివారం నుంచి మంగళవారం దాకా ఉంటుంది కాబట్టి ఆఫీసులో రెండు రోజుల సెలవు ముందే అడగండి. ఆదివారం ల్యాబులు, కోర్సు మెటీరియల్ చూస్తారు. సోమవారమంతా మనుషులతో మాటలే. విద్యార్థులను “ల్యాబ్ బాగుందా?” అని అడిగితే “బాగుంది” అంటారు, అంతే. “మొదటి రోజు ల్యాబ్‌లో సేఫ్టీ గురించి ఏం చెప్పారు?” అని అడగండి, అప్పుడు అసలు విషయం బయటపడుతుంది. అధ్యాపకులు టెన్షన్‌లో ఉంటారు. పరీక్ష పెట్టడానికి వచ్చినట్టు కాకుండా, వాళ్ల పనిని అర్థం చేసుకోవడానికి వచ్చినట్టు మాట్లాడండి.

ఎక్కువ చోట్ల చిక్కు వచ్చేది నిరంతర మెరుగుదల అనే ప్రమాణం దగ్గర. ఫైళ్ల నిండా మార్కుల పట్టికలుంటాయి. వాటిని చూసి ఏం గ్రహించారు, దాన్నిబట్టి ఏం మార్చారు అంటే జవాబు ఉండదు. దాన్ని ఓపిగ్గా తవ్వండి.

లోపాలను మూడు స్థాయిల్లో రాస్తారు. ప్రమాణం అందుకోకపోతే డెఫిషియన్సీ. అందుకున్నా గట్టిగా లేకపోతే వీక్‌నెస్. ఇప్పటికి బాగానే ఉన్నా ముందు ముందు చెడే వీలుంటే కన్సర్న్. ఏ స్థాయో మీరొక్కరే తేల్చరు, రాత్రి మీటింగుల్లో టీమ్ మొత్తం చర్చిస్తుంది. మంగళవారం కాలేజీ పెద్దల ముందు మీరు పరిశీలించిన కోర్సు గురించి రాసింది మీరే చదవాలి. రాసినదాన్ని రాసినట్టే చదవండి, అదనపు వ్యాఖ్యానం వద్దు.

ఇంటికి వచ్చాక

మీ టీమ్ ఇచ్చిన రిపోర్టులో నిజానికి విరుద్ధమైనవేమైనా ఉంటే సరిచేయమని అడగడానికి కాలేజీకి వారం రోజులుంటుంది, తర్వాత ముసాయిదాపై జవాబిచ్చే అవకాశం ఇంకోటి ఉంటుంది. తుది నిర్ణయం తర్వాతి ఏడాది జులైలో అబెట్ కమిషన్ ఓటుతో వస్తుంది. ఈలోగా కాలేజీవాళ్లు ఫోన్ చేస్తే టీమ్‌ను నడిపించే టీమ్ చైర్‌తో మాట్లాడమని చెప్పండి. చూసిన విషయాలు స్నేహితుల దగ్గర కూడా ఎత్తకండి. కమిషన్ నిర్ణయం వచ్చేదాకా మీ నోట్సు భద్రంగా ఉంచి, ఆ తర్వాత చెరిపేయండి.