మీ ఒంటికే సరిపోయే ప్యాటర్న్ గీసుకోవడం ఎలా

ప్యాటర్న్ (గుడ్డ కత్తిరించడానికి కాగితం మీద గీసుకునే నమూనా) గీసేటప్పుడు చెస్ట్ కొలత ఒక్కటి తీసుకుని, అందులో ఆరో వంతు ఇక్కడ, నాలుగో వంతు అక్కడ అంటూ మిగతావన్నీ లెక్కకట్టే పద్ధతి చాలామందికి అలవాటు. పని జరిగిపోతుంది. కానీ 36 చెస్ట్ ఉన్న ఇద్దరిలో ఒకరి భుజాలు వాలుగా, ఇంకొకరి వీపు వెడల్పుగా ఉంటే ఆ లెక్కకేం తెలుస్తుంది? అందుకే కొలవగలిగినదాన్ని లెక్కకట్టొద్దు, కొలవండి. ఇక్కడ చెప్పేది సాగని గుడ్డతో, చేతులు లేకుండా, నడుము దాకా ఉండే టాప్ గురించి.

ముందు నడుముకి ఒక తాడు, చంకల కింద ఒక తాడు కట్టుకుని, పైన వేసుకోబోయే బట్ట కింద ఏం వేసుకుంటారో దాని మీదే కొలతలు తీయండి. వీలైతే వేరే వాళ్లతో తీయించుకోండి, టేపు చూడ్డానికి వంగితే కొలత మారిపోతుంది. చెస్ట్, నడుము, మెడ చుట్టూ, ఒక షోల్డర్ పొడవు, వీపు వెడల్పు, షోల్డర్ నుంచి బస్ట్ పాయింట్ (ఛాతీ బాగా ముందుకొచ్చే చోటు) దాకా, రెండు బస్ట్ పాయింట్ల మధ్య దూరం, మెడ పక్క నుంచి వెనకవైపు చంక తాడు దాకా.

ఇక అసలైనవి రెండు. మెడ, భుజం కలిసే చోటు నుంచి ముందువైపు బస్ట్ మీదుగా నడుము తాడు దాకా ఎంత, అదే చోటు నుంచి వెనకవైపు ఎంత. ముందు 17.5 అంగుళాలు, వెనక 16 వచ్చాయనుకోండి, ఆ ఒకటిన్నర అంగుళం తేడాయే మీ పక్క డాట్, అంటే గుడ్డ ఒంటి వంపుకి సరిపోయేలా పక్కన మడిచి కుట్టే కోసు మడత. ముందు భాగం పైకి లేచిపోవడం, బస్ట్ కింద నుంచి పక్కకి ఏటవాలు గీతలు పడటం చాలాసార్లు ఈ తేడాని పట్టించుకోకపోవడం వల్లే.

గీయడం తేలికే. కాగితం అంచుని మధ్య గీత అనుకుని, మెడ చుట్టుకొలతలో ఐదో వంతు లోపలికి జరిగి మెడ పాయింట్ పెట్టండి. ముందు మెడ లోతు దాదాపు అంతే, వెనక ముప్పావు అంగుళం చాలు. మెడ పాయింట్ నుంచి షోల్డర్ పొడవు గీస్తూ చివర ఒకటిన్నర అంగుళం కిందకి దించండి, వాలు తక్కువో ఎక్కువో తర్వాత వేసి చూసినప్పుడు తెలుస్తుంది. చంక గీత మీరు కొలిచిన దానికి ఇంకో అర అంగుళం కింద, ముందు వెనక రెంటికీ ఒకే దూరంలో. చంక వంపు ముందువైపు కాస్త ఎక్కువ లోపలికి వెళ్లాలి.

చెస్ట్ 36కి 3 అంగుళాల లూజు కలిపితే 39, నాలుగో వంతు తొమ్మిదిముప్పావు. ముందుకి 10, వెనక్కి తొమ్మిదిన్నర ఇవ్వండి. నడుము 30కి 2 కలిపితే వంతుకి 8. ముందువైపు మిగిలిన 2లో అర అంగుళం పక్క కుట్టులో పోతుంది, ఒకటిన్నర నడుము డాట్‌లోకి. డాట్ కొనలు బస్ట్ పాయింట్‌కి అంగుళం ముందే ఆగాలి, దాని మీదకి తీసుకెళ్తే ముల్లులా పొడుచుకొస్తుంది.

కత్తిరించే ముందు డాట్ మడిచి ముందు వెనక పక్క గీతలు సమానమో కాదో, షోల్డర్లు కలిపి పెడితే మెడ వంపు విరగకుండా వస్తోందో లేదో చూడండి. మార్జిన్ (కుట్టు కోసం వదిలే అదనపు గుడ్డ) ఆఖర్న: పక్కలకి అంగుళం, మెడకి పావు అంగుళం. గుడ్డ నిలువు పోగు ఎటు రావాలో చూపించే బాణం గీయడం మర్చిపోవద్దు.

ఇప్పుడు పాత దుప్పటితో ఒకటి కుట్టి వేసుకోండి. బద్ధకిస్తారని తెలుసు, కానీ మంచి గుడ్డ పాడుచేసుకోవడం కంటే ఇదే నయం. మెడ నుంచి చంక వైపు వదులు మడతలు జారుతుంటే భుజం వాలు ఎక్కువ, షోల్డర్ చివర దించండి. మెడ వెనక కింద అడ్డంగా మడత పడితే భుజాలు నిటారుగా ఉన్నట్టు, చివర ఎత్తండి. బస్ట్ దగ్గర అడ్డగీతలు లాగుతుంటే బిగుతు, పక్క విప్పి వదలండి. పిన్ను పెట్టి సరిచేసిన ప్రతి మార్పూ కాగితం మీదకి ఎక్కించి, మార్జిన్ లేకుండా మందపాటి అట్ట మీద దింపి, తేదీ, కొలతలు రాసిపెట్టుకోండి. తర్వాత ఏ డిజైన్ కావాలన్నా ఈ అట్ట నుంచే మొదలుపెట్టొచ్చు.