చిచెన్ ఇట్సా: ఎనిమిదింటికల్లా గేటు దగ్గరుండాలి

చిచెన్ ఇట్సా మెక్సికోలోని యుకటాన్ రాష్ట్రంలో ఉన్న ప్రాచీన మాయా నగరం. తీరంలోని కాన్‌కూన్ నగరం నుంచి టూర్ బస్సులో వెళ్తే అక్కడికి చేరేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. పిరమిడ్ చుట్టూ మైదానంలో నిలబడడానికి చెట్టు నీడ ఉండదు. అందుకే ముందురోజు రాత్రి సుమారు 45 కిలోమీటర్ల దూరంలోని వయ్యడోలిడ్ ఊళ్లో బస చేయడం మంచిది. గేటు ఉదయం 8కి తెరుస్తారు.

అమెరికాలో ఉండే మనవాళ్లు ముందు వీసా చూసుకోవాలి. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే భారత పాస్‌పోర్టుతో విహారయాత్రకు మెక్సికో వీసా విడిగా అక్కర్లేదు. అయితే పాస్‌పోర్టులోని స్టాంపు గడువు తీరకూడదు. ఐ-797 కాగితం (అమెరికాలో ఉండేందుకు ఇచ్చే ఆమోద పత్రం) ఒక్కటే నమ్ముకుని బయల్దేరొద్దు.

టికెట్లు రెండు: ఒకటి యుకటాన్ రాష్ట్రానిది, రెండోది కేంద్ర పురావస్తు సంస్థది. రెండూ తీసుకుంటేనే లోపలికి పంపుతారు. విదేశీయులకు కలిపి 600 పెసోలకు పైనే అవుతుంది, ఏటా పెరుగుతుంది కూడా. కార్డు మెషిన్ మొరాయిస్తే చిక్కు కాబట్టి ఆ మొత్తం నగదుగా దగ్గర పెట్టుకోండి. ట్రైపాడ్, డ్రోన్ హోటల్లోనే వదిలేయండి.

లోపలికి వెళ్లగానే నేరుగా కుకుల్కాన్ (మాయా సర్ప దేవుడు) పిరమిడ్ ఉత్తరం వైపుకి నడవండి. పాము తలలున్న మెట్లకు ఎదురుగా కొంత దూరంలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట్లు కొట్టండి. పిట్ట కూసినట్టు, స్థాయి కిందికి జారుతూ ప్రతిధ్వని వస్తుంది. ఒక్కో మెట్టూ శబ్దాన్ని విడిగా తిప్పి పంపుతుంది. పైకి వెళ్లేకొద్దీ ఆ ప్రతిధ్వనుల మధ్య వ్యవధి పెరుగుతుంది, అందుకే స్వరం దిగుతుంది. ఇది పొద్దున్నే వినాలి. పది దాటితే జాగ్వార్ (చిరుతను పోలిన పెద్ద పులి) లాగా గాండ్రించే ఈలలు అమ్మేవాళ్ల సందడిలో ఏమీ వినపడదు. నాలుగు వైపులా 91 చొప్పున మెట్లు, పైన వేదికతో కలిపి 365. ఎక్కనివ్వరు.

అక్కడి నుంచి పశ్చిమాన ఉన్న బంతాట మైదానానికి వెళ్లండి. దాదాపు 168 మీటర్ల పొడవున్న దీనంత పెద్దది మెసోఅమెరికాలో (మెక్సికో, మధ్య అమెరికాల ప్రాచీన నాగరికతల ప్రాంతం) ఇంకోటి లేదు. గోడల్లో పైన బిగించిన రాతి వలయాలు చూసి చాలామంది తిరిగిపోతారు. గోడ కిందిభాగంలోని శిల్పాల దగ్గర ఆగండి. తల నరికిన ఆటగాడి మెడ నుంచి నెత్తురు పాములై చిమ్ముతున్నట్టు చెక్కారు. పొద్దుటి ఏటవాలు వెలుగులో గీతలు తేటగా కనిపిస్తాయి.

తర్వాత పవిత్ర సెనోటే (సున్నపురాయి కుంగి ఏర్పడ్డ సహజ నీటి బావి), యోధుల ఆలయం, చివరికి ఎల్ కారకోల్ అనే గుండ్రటి కట్టడం. మొత్తానికి మూడు గంటలు చాలు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ, పొడుగు చేతుల చొక్కా ఉండాలి. తర్వాత ఇక్ కిల్ సెనోటేలో ఈత కొట్టాలనుకుంటే సన్‌స్క్రీన్ రాసుకోవద్దు, నీళ్లలోకి దిగేముందు స్నానం చేసి కడిగేసుకోవాల్సిందే.

శాకాహారులు హోటల్లో 'సిన్ కార్నే, సిన్ మాంటేకా' (మాంసం వద్దు, పందికొవ్వు వద్దు) అని చెప్పాలి. బీన్స్‌ను పందికొవ్వుతో వండడం అక్కడ మామూలే.

మార్చి, సెప్టెంబరు విషువత్తుల్లో (పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే రోజులు) సాయంత్రం మెట్ల అంచున పాకే పాము నీడ కోసం విపరీతమైన జనం వస్తారు. ఒకట్రెండు రోజులు అటూఇటూగా వెళ్లినా నీడ కనిపిస్తుంది.

తిరుగు ప్రయాణంలో గడియారం జాగ్రత్త. కాన్‌కూన్ సమయం యుకటాన్ కంటే ఒక గంట ముందుంటుంది, దారి రెండున్నర గంటలు. ఇక్కడ మధ్యాహ్నం 2కి బయల్దేరితే అక్కడ సాయంత్రం 5.30. విమానం ఉంటే ఆ లెక్కనే బయల్దేరండి.