కలివిడిగా ఉండేవారిని సరిగా అర్థం చేసుకోవడం ఎలా?

నిండు కుండ తొణకదన్న సామెత మన మనసుల్లో ఎంతగా నాటుకుపోయిందంటే, నలుగురిలో చొరవగా మాట్లాడే మనిషి కనిపించగానే ఆ కుండలో నీళ్లు తక్కువేనని తేల్చేస్తాం. ఇలా కలివిడిగా ఉండే బహిర్ముఖులను అర్థం చేసుకోదలచినవారు ముందుగా వదులుకోవలసిన అభిప్రాయం ఇదే. 1921లో బహిర్ముఖులు, అంతర్ముఖులు (మనసు తమ లోపలికి మొగ్గేవారు) అన్న విభజనను ప్రచారంలోకి తెచ్చిన మనోవైద్యుడు కార్ల్ యూంగ్ చెప్పింది మనసు మొగ్గే దిక్కు గురించే గాని, ఆలోచనలోని లోతు గురించి కాదు. పైగా రెండు ధోరణులూ ప్రతి మనిషిలోనూ ఉంటాయని ఆయన భావించాడు.

బహిర్ముఖులలో చాలామందికి ఆలోచన మాట్లాడుతుండగానే రూపుదిద్దుకుంటుంది. అందువల్ల వారి నోట వచ్చిన తొలి మాటను తుది నిర్ణయంగా పట్టుకుని తరువాత నిలదీయకుండా, "ఇది మీ నిర్ణయమా, ఇంకా ఆలోచిస్తున్నారా?" అని అప్పుడే అడగండి. మాటకారి అయినంత మాత్రాన అమ్మకాల పని అప్పగించేయడమూ సరికాదు: మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఆడమ్ గ్రాంట్ 2013లో ప్రచురించిన అధ్యయనంలో 340 మంది అమ్మకాల ఉద్యోగులను పరిశీలించగా, ఎక్కువ రాబడి తెచ్చినవారు బహిర్ముఖ, అంతర్ముఖ స్వభావాలకు నడుమ ఉన్నవారే.

అన్నిటికన్నా ఎక్కువ హాని చేసే అపోహ, నవ్వుతూ తిరిగేవారికి దిగులుండదన్నది. వ్యక్తిత్వాన్ని కొలిచేటప్పుడు బహిర్ముఖత్వాన్నీ, ఆందోళనకు లోనయ్యే గుణాన్నీ మనస్తత్వ శాస్త్రజ్ఞులు వేర్వేరుగా లెక్కిస్తారు. కాబట్టి ఒకే మనిషిలో రెండూ బలంగా ఉండవచ్చు. అటువంటివారు ఒకరోజు మౌనంగా కూర్చుంటే, "ఏమిటి, నోరు పడిపోయిందా?" అని అందరి ముందూ ఆటపట్టించడం ఎంత గుచ్చుకుంటుందో అనేవారికి తెలియదు. ఆ మాట అనకండి. ఒంటరిగా ఉన్నప్పుడు పలకరించండి. "బాగానే ఉన్నాను" అన్న మొదటి జవాబుతో లేచిపోకుండా కాసేపు అక్కడే కూర్చోండి, ఎందుకంటే ఎదుటివారిని నవ్వించి పంపడం వారికి అలవాటైపోయి, తమ కష్టం చెప్పుకోవడానికి సమయం పడుతుంది.

వారికి అలసట ఉండదనుకోవడమూ పొరపాటే. జనంలో గడపడం ఉత్సాహాన్నిచ్చినా, ఆ తరువాత వారికీ విశ్రాంతి కావాలి. ప్రతి కార్యక్రమంలోనూ సందడి చేసే బాధ్యతను వారిమీదే వేయకండి; ఎప్పుడైనా రాలేనంటే, కారణం అడగకుండా ఒప్పుకోండి.