పాలపంటి రూట్ కెనాల్‌లో నీలిరంగు, ఎర్రకాంతి వాడే తీరు

చీము పట్టిన పాల దవడపన్ను వేర్లు వంకరగా ఉంటాయి, సన్నని పక్కకాలువలు ఎక్కువ. కాలువను గీకి శుభ్రంచేసే సన్నని పనిముట్టు, అంటే ఫైలు, అన్ని మూలలకూ పోదు. ఫోటోడైనమిక్ చికిత్స అక్కడ మిగిలిన సూక్ష్మజీవుల కోసం. మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు వాటికి అంటుకుంటుంది. దాని మీద 660 నానోమీటర్ల ఎర్రకాంతి పడితే, రంగు ఆ శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కు అందిస్తుంది. అట్లా పుట్టిన చురుకైన ఆక్సిజన్ (సింగ్లెట్ ఆక్సిజన్) సూక్ష్మజీవుల పొరను దెబ్బతీస్తుంది. వేడితో పనిలేదు. ఫైలింగ్ సగంలో వదిలేసి లైటు పెట్టడం మాత్రం దండగ.

జి6పిడి (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) లోపం ఉందా, రంగు మందులు పడవా అని తల్లిదండ్రులను ముందే అడగాలి. ఉందంటే ఈ పద్ధతి వద్దు.

పన్ను చుట్టూ రబ్బర్ డ్యామ్ (పల్చని రబ్బరు తెర) కట్టి, కెనాల్‌ను ఎప్పటిలాగే తయారుచేసి 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌తో కడగండి. ఆ తర్వాత సెలైన్‌తో బాగా కడగాలి. చాలామంది తొందరపడేది ఇక్కడే: హైపోక్లోరైట్ మిగిలితే మిథిలీన్ బ్లూను తెల్లబరుస్తుంది, ఇక లైటు ఎంతసేపు పెట్టినా పని జరగదు. రక్తం కారుతుంటే ఆగేదాకా ఆగండి. రక్తం కాంతిని మింగేస్తుంది.

పేపర్ పాయింట్లతో (తడి పీల్చే సన్నని కాగితపు పుల్లలు) తుడిచి, 0.005 శాతం రంగును మొద్దు సూదితో, ఒత్తిడి లేకుండా కెనాల్ నిండా వదలండి. కుర్చీ లైటు పక్కకు తిప్పి 3 నుంచి 5 నిమిషాలు ఆగాలి. చిక్కటి రంగు మేలనుకోవద్దు, పైపొరే కాంతిని తాగేస్తే లోపలికి అందదు.

కుర్చీలోని బిడ్డకు, అసిస్టెంటుకు, పక్కన కూర్చున్న అమ్మకు, మీకు ఆ తరంగదైర్ఘ్యానికి సరిపోయే కళ్ళద్దాలు పెట్టాకే స్విచ్ వేయండి. కాంతిని లోపలికి మోసే ఫైబర్‌ను పని పొడవుకు (ఫైలు దిగిన కొలతకు) 1-2 మిల్లీమీటర్లు తక్కువగా దించి, మెల్లగా పైకీ కిందికీ కదుపుతూ ఉంచండి. 100 మిల్లీవాట్లతో 90 సెకన్లు అంటే 9 జౌళ్ళు. ఫైబర్ కొనకు రంగు ఎండి అంటుకుంటే కాంతి తగ్గుతుంది. ప్రతి కెనాల్‌కూ ముందు స్పిరిట్‌లో తడిపిన గాజ్ గుడ్డతో తుడవండి. "నీలినీళ్ళు పోస్తున్న బిడ్డా, ఎర్రలైటు పెడత, నొప్పుండదు" అని ముందే చెబితే పిల్లలు కదలకుండా ఉంటారు.

తర్వాత సెలైన్‌తో నీలం పోయేదాకా కడిగి, ఆరబెట్టి, జింక్ ఆక్సైడ్ యూజినాల్ లేదా కాల్షియం హైడ్రాక్సైడ్-అయోడోఫామ్ పేస్టుతో నింపాలి. ముందుపళ్ళలో ఈ కడుగుడు మరింత శ్రద్ధగా చేయాలి, నీలిచాయ బయటికి కనిపిస్తుంది.

నల్లగొండ జిల్లాలో, ముఖ్యంగా మర్రిగూడ, మునుగోడు వైపు, ఫ్లోరైడ్ వల్ల గోధుమరంగు మచ్చలున్న పిల్లలు వస్తారు. లైటు పెడితే మచ్చలు పోతాయా అని ఇంట్లోవాళ్ళు అడుగుతారు. పోవు, ఆ సంగతి మొదలే చెప్పండి. ఫ్లోరోసిస్ ఉన్న ఎనామిల్ (పంటి పైపెంకు) పైపొర కింద సన్నని రంధ్రాలుంటాయి గనుక చిందిన రంగు అక్కడ నిలుస్తుంది. అట్లాంటి నోటిలో డ్యామ్ అంచులు గట్టిగా మూసి, పక్కపళ్ళకు వ్యాజలిన్ పూయండి.

వేరు మూడోవంతుకు పైగా కరిగినా, కింద వచ్చే శాశ్వత పన్ను సంచి దాకా చీము చేరినా ఇదంతా వద్దు. పన్ను తీసి, అవసరమైతే స్పేస్ మెయింటెయినర్ (ఆ ఖాళీ మూసుకుపోకుండా ఉంచే పరికరం) పెట్టండి. మిగతావారిని 6 నెలలకు పిలిచి ఎక్స్‌రేలో వేర్ల మధ్య ఎముక చూడండి. ఎక్స్‌రేలో నల్లమచ్చ పెరిగినా, చిగురు మీద చీముగడ్డ తిరిగొచ్చినా మళ్ళీ లైటు పెట్టడం కాదు, ఆ పన్ను తీయడమే.