పాత పికప్‌లో ఛార్జింగ్ సమస్యలు - 3వ పాఠం: డైనమో ఇచ్చిన కరెంటు బ్యాటరీకి చేరుతోందా?

రెండో పాఠంలో రాత్రంతా ఆగి ఉన్న బండిలో బ్యాటరీ వోల్టేజీ ఎలా చూడాలో నేర్చుకున్నాం. 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సుమారు సగం, 12 కంటే దిగితే ఖాళీ అయ్యే దారిలో ఉన్నట్టు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోకూడదని కూడా చెప్పుకున్నాం. ఈ రెండు పరీక్షల్లో బ్యాటరీ పాసైంది. అయినా రెండు మూడు రోజులు తిరిగేసరికి మళ్లీ దిగిపోతోంది. ఈరోజు పాఠం అలాంటి బండి గురించే.

ఈ స్థితిలో ఎక్కువగా వినపడే మాట "డైనమో పోయిందన్నా, మార్చేద్దాం" అని. (మనం డైనమో అంటున్నది నిజానికి ఆల్టర్నేటర్. వాడుక మాట కాబట్టి నేనూ అలాగే రాస్తాను.) నేనూ ఆ మాట నమ్మి ఒకసారి డైనమో మార్పించాను. పది రోజుల్లో సమస్య మళ్లీ మొదటికొచ్చింది. తెల్లవారుజామున మదనపల్లె మార్కెట్‌కి టమాటా లోడుతో బయల్దేరాల్సిన బండి, ఊరివాళ్లు నలుగురు తోస్తే గానీ కదల్లేదు. కొలవకుండా సామాను మార్చకూడదని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

పని మొదలుపెట్టే ముందు రెండు చిన్న విషయాలు చూసుకోండి. తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు ఉన్న ఎర్ర లైటు వెలుగుతుందో లేదో చూడండి. ఆ చిన్న బల్బు గుండా వెళ్లే కరెంటుతోనే చాలా పాత బండ్లలో డైనమో పని మొదలుపెడుతుంది. బల్బు మాడిపోతే డైనమో బాగున్నా ఛార్జింగ్ ఎక్కకపోవచ్చు. కొద్ది రూపాయల బల్బు కోసం వేల రూపాయల డైనమో మార్చిన బండ్లు ఉన్నాయి. రెండోది బెల్టు. ఇంజిన్ ఆపి, రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కండి. సుమారు ఒక సెంటీమీటరు దిగితే సరిపోతుంది. అంతకంటే బాగా దిగినా, లోపలి వైపు అద్దంలా మెరుస్తున్నా బెల్టు జారుతున్నట్టే.

ఇప్పుడు అసలు పరీక్ష. కండువా, వదులు చొక్కా చేతులు, ఉంగరాలు లేకుండా చూసుకోండి. ఫ్యాను, బెల్టు పక్కనే చేతులు పెట్టబోతున్నాం. ఇంజిన్ స్టార్ట్ చేసి, హెడ్‌లైట్లు, లోపలి బ్లోయర్ వేయండి. లోడు లేకుండా కొలిస్తే జబ్బు బయటపడదు. రెండు 60 వాట్ల హెడ్‌లైట్లే సుమారు 10 ఆంపియర్లు లాగుతాయి. ఒకరిని సీట్లో కూర్చోబెట్టి యాక్సిలరేటర్ కొంచెం తొక్కి పట్టమనండి. మల్టీమీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, మొదట బ్యాటరీ రెండు టెర్మినళ్ల మీద కొలవండి. తర్వాత డైనమో వెనక లావుపాటి వైరు బిగించిన బోల్టుకి ఎర్ర మొన, డైనమో ఒంటికి నల్ల మొన ఆనించి కొలవండి. రెండు అంకెలూ పుస్తకంలో రాసుకోండి.

నా బండిలో డైనమో దగ్గర 14.2 వచ్చింది. బ్యాటరీ దగ్గర 12.9 మాత్రమే. డైనమో తన పని తాను చేస్తోంది. వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ నా బండిలో డైనమోలోపలే ఉంటుంది కాబట్టి, అక్కడ 14.2 కనపడగానే చాలనుకుంటుంది. మధ్యలో పోతున్న 1.3 వోల్టుల సంగతి దానికి తెలియదు. 12.9 తో బ్యాటరీ ఎంత తిరిగినా నిండదు. సక్రమంగా ఉన్న బండిలో బ్యాటరీ దగ్గరే 13.8 నుంచి 14.4 దాకా రావాలి.

ఆ 1.3 ఎక్కడ పోతోందో పట్టుకోవడానికి మీటరును ఒకే వైరు రెండు చివరల మధ్య పెట్టాలి. కొత్తవాళ్లకి ఇది వింతగా ఉంటుంది. ఒకే వైరుకి రెండు పక్కలా ప్లస్సే కదా, ఏం చూపిస్తుంది? వైరు బాగుంటే దాదాపు సున్నా చూపిస్తుంది. దారిలో అడ్డు ఉంటే, ఆ అడ్డు దగ్గర ఎంత పోతోందో అంత చూపిస్తుంది. డైనమో బోల్టు నుంచి బ్యాటరీ ప్లస్‌కి కొలిస్తే 1.2 వచ్చింది. డైనమో ఒంటి నుంచి బ్యాటరీ మైనస్‌కి కొలిస్తే 0.1. ఎర్త్ వైపు, అంటే మైనస్ దారిలో, 0.2 దాకా, ప్లస్ వైపు అర వోల్టు లోపు ఉంటే పర్వాలేదు. దోషం ప్లస్ వైరులోనే ఉందని తేలిపోయింది.

మీటరు లేకుండా కూడా నాకు ఒక ఆధారం దొరికి ఉండేది. బ్యాటరీని బయట ఛార్జ్ చేయించి పెడితే సెల్ఫ్ చురుగ్గా తిరిగేది. ఇంజిన్ ఎర్త్ పాడైతే సెల్ఫ్ కూడా మూలుగుతుంది, ఎందుకంటే దాని వందల ఆంపియర్లు ఆ దారిలోనే తిరిగి రావాలి. ఆ తేడా గమనించి ఉంటే ఎర్త్ బాగానే ఉందని ముందే తెలిసేది.

ఇంజిన్ ఆపి, ముందుగా బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పాను. ఇది మరచిపోవద్దు. డైనమో బోల్టులో ఇంజిన్ ఆపినా కరెంటు ఉంటుంది, పానా బాడీకి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. వైరు చివరి లగ్గు (బోల్టుకి బిగించే లోహపు కన్ను) విప్పి చూస్తే, దాని మెడ దగ్గర తొడుగు గోధుమరంగుకి తిరిగి, వేలితో నొక్కితే పెళుసుగా విరిగింది. లోపలి రాగి తీగలు పచ్చటి పొడి పట్టి, సగానికి పైగా తెగిపోయి ఉన్నాయి. ఆ వైరులో 20 ఆంపియర్లు పారుతూ 1.2 వోల్టులు పోతే 24 వాట్ల వేడి. రేడియో రిపేర్ షాపులో సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. అంత వేడి ఆ వేలెడు చోట రోజూ పుడుతోంది. డైనమో మార్చినప్పుడు అదే వైరుని మళ్లీ బిగించారు, ఎవరూ కొలవలేదు. తీగ మెరిసేదాకా కోసి, కొత్త లగ్గు గట్టిగా నొక్కించి బిగిస్తే, బ్యాటరీ దగ్గర 14.0 వచ్చింది.

మీ బండిలో డైనమో దగ్గరే 13 లోపు వస్తే అప్పుడు అనుమానం డైనమో మీదికి మళ్లుతుంది: కార్బన్ బ్రష్‌లు, రెగ్యులేటర్, డయోడ్లు. చాలా డీజిల్ పికప్పుల్లో బ్రేకుల వాక్యూమ్ పంపు డైనమో వెనకే ఉంటుంది, దాని సీలు కారితే నూనె లోపలికి దిగి బ్రష్‌లను పాడుచేస్తుంది. బ్యాటరీ దగ్గర 15 దాటితే రెగ్యులేటర్ పోయినట్టు, నీళ్లు త్వరగా తగ్గిపోతుంటాయి.

ఒక్కటి మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, "ఆగలేదంటే డైనమో మంచిదే" అని చూసే పద్ధతి ఇంకా నడుస్తోంది. అది పాత కాలపు డీసీ డైనమోల నాటి అలవాటు. ఆల్టర్నేటర్‌లో బ్యాటరీ ఒక్కసారిగా తప్పుకుంటే వోల్టేజీ ఎగిసి డయోడ్లు, రెగ్యులేటర్ కాలిపోవచ్చు. బాగున్న డైనమోని పరీక్షే చంపేస్తుంది.

ఈ వారం మీ బండిలో ఆ నాలుగు కొలతలూ తీసుకోండి: బ్యాటరీ దగ్గర, డైనమో దగ్గర, ప్లస్ వైరు, ఎర్త్. తేదీ వేసి పుస్తకం డ్యాష్‌బోర్డు అరలో పెట్టండి. నాలుగో పాఠంలో ఛార్జింగ్ అంతా బాగున్నా రాత్రి నిలిపిన బండి పొద్దునకి ఎందుకు దిగిపోతుందో చూద్దాం. దానికి మీటరులో 10 ఆంపియర్ల సాకెట్టు కావాలి, మీ మీటరుకి ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.